ఆరువందల జాడీలు

చేతిలో ఉన్న మూడు రూకలతో ఎర్రప్ప ఒక కుంచె, ముంతెడు రంగు కొన్నాడు. రాజుగారి మందులశాలకు వెళ్లి, జాడీల మీద మందుల పేర్లు పూర్తిగా రాసే పని ఇప్పించమన్నాడు.

"పూర్తి పేర్లెందుకురా? ఒకటి రెండు అక్షరాలు చాలు. నా గుర్తులు నాకు తెలియవూ?" అని కసిరాడు శాలాధికారి భైరవభట్టు.

"అయితే పది మందులకు గుర్తులు రాసివ్వండయ్యా, నేర్చుకుంటాను" అని బతిమాలి, ఎర్రప్ప తాటాకు మీద రాయించుకున్నాడు.

మర్నాడు కొలువుకెళ్లి, "ఆ గుర్తులు నమ్మితే ప్రాణాలకే ముప్పు ప్రభూ!" అన్నాడు.

"అబద్ధమైతే నిన్ను పొలిమేర దాటిస్తాను" అని రాజు భట్టును కొలువుకు పిలిపించాడు.

ఎర్రప్ప అవే పది మందుల పేర్లు చదివాడు. భట్టు చకచకా గుర్తులు రాసిచ్చాడు. ఎర్రప్ప వాటి పక్కన నిన్నటి తాటాకు పెట్టాడు. నాలుగే కలిశాయి!

"నిన్న తాను రాసిన గుర్తులు భట్టుగారికి ఇవాళే గుర్తులేవు ప్రభూ. పదింటికి ఆరు తప్పాయి. శాలలో ఆరువందల జాడీలున్నాయి. అంటే మూడువందల అరవై జాడీల్లో ఏముందో..."

పొద్దున్నే ఆ శాల మందు మింగిన రాజు పొట్ట తడుముకున్నాడు. "పని నీదే! ఈ క్షణమే మొదలుపెట్టు!"

ఎర్రప్ప మొదటి జాడీ ముందు కూర్చుని రంగులో కుంచె ముంచాడు.

"చెప్పండి భట్టుగారూ, ఇందులో ఏముంది? పేరు పూర్తిగా చెప్పాలి సుమండీ!"