ఆదెమ్మ పట్టిన పడకగది

అనగనగా గోదావరి గట్టున ఒక ఊళ్ళో పెద్ద మండువా లోగిలి. దొరల కాలం నాటి మాటలే. ఊఁ కొట్టవేం? అంత ఇంట్లోనూ పడకగది ఒక్కటే. మిగతా గదుల నిండా ధాన్యం, పచ్చడి జాడీలూను. మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళూ పిల్లలూ వసారాలో చాపల మీద పడుకునేవాళ్ళు. పడకగది ఆలుమగలకే. అదీ వాళ్ళ పద్ధతి.

ఆ ఇంటి యజమాని వీర్రాజు. ఆయన అక్క ఆదెమ్మ. చిన్నప్పుడే మొగుడు పోయి పుట్టింట్లో ఉండిపోయింది పాపం. తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచింది. ఆవిడ చాప వంటింటి గుమ్మం పక్కన. మంచినీళ్ళకి వెళ్ళే ప్రతివాడూ ఆవిణ్ణి దాటేవాడే, కాళ్ళు తొక్కేవాడే. ఒక్కరోజన్నా తలుపేసుకుని కంటినిండా నిద్రపోవాలని ఆవిడ కోరిక. అంతే!

ఒకరోజు గది ఖాళీగా ఉండటం చూసి తమ్ముణ్ణి అడిగింది. "దానికేం అక్కా, పడుకో" అన్నాడు. అప్పుడు ఆదెమ్మ గదిలో చాప పరిచిందో లేదో, వీర్రాజు కొడుకు పెళ్ళి కుదిరింది. గది కొత్త దంపతులకి పోయింది.

ఏడాదికి కొడుకు కాపురం రాజమండ్రి మారింది. ఆదెమ్మ మళ్ళీ చాప పట్టుకెళ్ళింది. ఆ తర్వాత వారానికే వీర్రాజు కూతురు పురిటికొచ్చింది. మంత్రసాని గదిలోకి, ఆదెమ్మ గుమ్మం పక్కకి!

బాలింత బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్ళింది. ఆ తర్వాత ఆదెమ్మ గదికి సున్నం వేయించి, ఈసారి ఏకంగా పందిరిమంచం మీదే నడుం వాల్చింది. మిట్టమధ్యాహ్నం. అప్పుడు వీర్రాజు పరిగెత్తుకొచ్చాడు.

"లే అక్కా! తాసీల్దారు గారు మకాం వస్తున్నారు. గది ఆయనకివ్వాలి."

"ఇవ్వను" అంది ఆదెమ్మ.

వీర్రాజు గొణిగాడు. "అది కాదక్కా... మొగుడు లేని మనిషికి పడకగదేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"నిద్రపోడానికి మొగుడెందుకురా?"

అబ్బో, ఎంత మాట! వంటింట్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆదెమ్మ లేచి గడియ పెట్టేసుకుంది. తాసీల్దారు గారికి అరుగు మీద నవారు మంచం వేశారు. గాలి బావుందని ఆయన హాయిగా గుర్రు పెట్టాడు.

మర్నాడు బారెడు పొద్దెక్కాక తలుపు తెరుచుకుంది. గుమ్మం ముందు వీర్రాజు చతికిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే కూర్చున్నాట్ట.

"తప్పయిపోయిందక్కా. నిద్ర పట్టిందా?" అన్నాడు.

"పట్టిందిరా నాయనా. ఇంకాస్త పడుకుంటా" అని ఆదెమ్మ మళ్ళీ తలుపేసుకుంది.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి!