బూదన్న వినే గంట

అనగనగా, కొండగాలి చల్లగా తగిలే ఒక ఊళ్ళో హైమ అని ఒక పిల్ల ఉండేది. ఊఁ కొట్టండర్రా, మీరు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు.

వాళ్ళింట్లో ఒక చించిల్లా ఉండేది. చించిల్లా అంటే ఏమిటనుకున్నారు? సముద్రాల అవతల చలికొండల్లో పుట్టిన జాతి. కుందేలంత ఉండదు, ఉడతకంటే పెద్దది. చెవులు లేత తమలపాకులు, ఒళ్ళు పత్తిమూట. నీళ్ళంటే పడదు దానికి. బూడిదలాంటి మెత్తటి పొడిలో పొర్లి స్నానం చేస్తుంది, అచ్చం మన శివయ్యలాగే. అందుకే హైమ వాళ్ళ అవ్వ కామాక్షమ్మ దానికి బూదయ్య అని పేరు పెట్టింది. హైమ పుట్టడానికి నాలుగేళ్ళ ముందే వచ్చాడు వాడు ఆ ఇంటికి. తనకంటే పెద్దవాడు కదా మరి, హైమ "బూదన్నా" అని పిలిచేది.

రోజూ దీపాలవేళ అవ్వ పూజ ముగించి గంట వాయించేది. అప్పుడు బూదన్న గూట్లోంచి గెంతుకుంటూ వచ్చేవాడు. హైమ వేలిమీద రెండు చేతులూ ఆనించి, దేవుడి దగ్గరి ఎండు గులాబీరేకు ఒకటి అందుకుని తినేవాడు.

"ఈ ఇంట్లో ప్రసాదానికి వేళ తప్పనిది వీడొక్కడే," అనేది అవ్వ.

అలా బూదన్న ఆ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళు గడిచాయి. ఆ తర్వాత బూదన్న తన గూట్లో పై అరకి ఎక్కడం మానేశాడు. ఆ తర్వాత పొడిలో పొర్లడం మానేశాడు. ఆ తర్వాత కూర్చున్నచోటే డొక్కలెగరేస్తూ రొప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు.

"ముసలి గుండెమ్మా. నయం చెయ్యలేను. చుక్కల మందిస్తాను, పొద్దునా సాయంత్రం పొయ్యండి. వేడి తగలనివ్వద్దు, బెదరనివ్వద్దు," అన్నాడు.

మందు చేదు. మొదటిరోజు ఉమ్మేశాడు. రెండోరోజు హైమ వేలు కొరికాడు. మూడోరోజు హైమని చూడగానే, చల్లగా ఉంటుందని పెట్టిన మట్టికుండలో దూరాడు.

అప్పుడు హైమకి ఒక ఉపాయం తట్టింది. గంట వింటే వస్తాడు కదా. వాయించింది. పాపం, నమ్మి వచ్చాడు. వేలిమీద చేతులు ఆనించి రేకు కోసం చూశాడు. హైమ గబుక్కున పట్టుకుని మందు పోసేసింది.

అంతే. మర్నాడు గంట మోగితే బూదన్న రాలేదు సరికదా, కుండలో ముడుచుకుని వణికాడు.

"అవ్వా, అన్నకి నేనంటే భయం," అని హైమ ఒకటే ఏడుపు.

అవ్వ తిట్టలేదు. "అది దేవుడి గంట అమ్మణ్ణీ. దాంతో అబద్ధం చెప్పించావు," అంది. గంటని గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టేసింది. "గంట లేదని దేవుడేం అలగడులే. బెదిరితే ఆగేది వీడి గుండె."

ఆ రోజునుంచి హైమ దొంగచాటుగా పట్టుకోలేదు. మందు ఎదురుగా చూపించేది. "అన్నా, ఇది మందు. చేదే. మూడే మూడు చుక్కలు," అని చెప్పి, కుండ పక్కనే నేలమీద పడుకుని కాచుకునేది. ఎండలు ముదిరితే చలువరాయి పలక తెచ్చి వేసింది. తనంత తను పొర్లలేడు కదా, చిటికెడు పొడి తీసి వీపుమీద రాసేది. బూదన్న మందు మింగేవాడు. వేలిమీద చేతులు మాత్రం వేసేవాడు కాదు. హైమకి కావలసింది అదొక్కటే.

రెండు నెలలకి డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టాడు. "ఇంక మందు ఆపెయ్యండి. మిగిలిన ఈ రెండు మూడు రోజులైనా ప్రశాంతంగా ఉండనివ్వండి," అన్నాడు.

ఆ సాయంత్రం హైమ మందుసీసా బూదన్న చూస్తుండగానే అవ్వ చేతికిచ్చేసింది. ఖాళీ చేతులు రెండూ తెరిచి చూపించింది. ఆ తర్వాత, "అవ్వా, గంట వాయించు. మెల్లిగా," అంది.

"బెదురుతాడేమోనే."

"అబద్ధం చెప్పిన గంటే నిజం చెప్పాలి కదవ్వా."

అవ్వ గుడ్డ విప్పింది. గంట ఒక్కసారే, సన్నగా మోగింది. కుండలోంచి రెండు తమలపాకులు బయటికొచ్చాయి. బూదన్న ఒక అడుగు వేసి ఆగాడు, రొప్పాడు. ఇంకో అడుగు వేశాడు. ఆగాడు. మూడో అడుగుకి హైమ వేలు అందింది. రెండు చేతులూ ఆనించాడు.

రేకు తినలేదు. అందుకుని పట్టుకున్నాడు, అంతే. అలాగే హైమ అరచేతిలో తల వాల్చాడు. అవ్వ దీపం ఒత్తి ఎగదోసి వచ్చేసరికి ఊపిరి లేదు. రేకు ఇంకా చేతిలోనే ఉంది.

"ప్రసాదం అందుకునే వెళ్ళాడు," అంది అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మర్నాడు జాజితీగ కింద పడుకోబెట్టి, మిగిలిన పొడంతా విభూతిలా చల్లారు. దీపాలవేళ గంట తియ్యడానికి అవ్వకి చెయ్యి రాలేదు. అప్పుడు హైమే తీసి వాయించింది. ఎవరూ రాలేదు. అయినా ఆ పిల్ల వేలు చాచే ఉంచింది, దీపం కొండెక్కేదాకా.

ఏమర్రా, ఊఁ ఆగిపోయింది? ఏడవకే చిన్నీ, ఇలా ఒళ్ళోకి రా. నీ వేలు ఇటియ్యి.

గంట చేరె గూట్లోకి,
అన్న చేరె చేతిలోకి,
కథ నడిచె కంచికి,
మనం ఇంక మంచానికి.