రెక్కల్లో ఇరుక్కున్న దుద్దు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రపు గాలి రోజూ గడప దాటొచ్చి ఇంత ఇసుక పోసిపోయే విశాఖపట్నంలో, నూకరత్నం అని ఒకావిడ ఉండేది. కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టడం ఆవిడ పని. నీళ్ళ మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు అన్నీ ఆవిడ కొట్టుకే వచ్చేవి.

ఒకరోజు ఫ్యాను రెక్క కావాల్సి పాత సామాన్ల కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్టు జిలానీ అనే ఆయనది. అక్కడ విరిగిన కుర్చీల కింద ఒక వింత వస్తువు కనపడింది. దాని పొట్ట గుమ్మడికాయంత ఉంది. ముందు ఏనుగు తొండంలా గొట్టం ఉంది.

"ఇదేటి జిలానీ?" అని అడిగింది.

"వాక్యూమ్ క్లీనర్ అక్కా. దుమ్ము పీల్చే మిషను. వెనకటికి పెద్ద పెద్ద బంగళాల్లో ఉండేవి. ఇప్పుడెవరిక్కావాలి? రేపు సుత్తితో కొట్టి రాగి వేరు చేసుకుంటాను" అన్నాడు.

నూకరత్నానికి మనసొప్పలేదు. ఇంటికి తెచ్చుకుంది. తుప్పు గీకింది, తీగ చుట్టింది, చిరిగిన గొట్టానికి గుడ్డ అతికింది. అప్పుడు స్విచ్చి వేస్తే మిషను ముందు దగ్గింది. ఆ తర్వాత "హుమ్మ్..." అని కూనిరాగం ఎత్తుకుంది. గుమ్మం మూలనున్న ఇసుకంతా గుటుక్కున మింగేసింది. నూకరత్నం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఇంకోటి దొరికింది. అది ఓడలోంచి దిగిన రేకు మిషను, ఉప్పుగాలికి పెంకులు పెంకులుగా ఊడిపోతోంది. దాన్నీ బాగుచేసింది. ఇక ఆవిడకి అదే ఇష్టమైపోయింది. మంచం కింద మిషను, బీరువా మీద మిషను, బియ్యం డబ్బా పక్కన మిషను.

ఆవిడ ఆడబిడ్డ వచ్చి చూసి, "ఇల్లు ఊడవడానికి చీపురు చాలదేటి వదినా?" అని నవ్వింది.

"ఊడవడానికి కాదే. ఆగిపోయింది మళ్ళీ తిరిగితే ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంటుంది" అంది నూకరత్నం.

అలా ఉండగా ఒకనాడు జిలానీ కొట్లో నిలువు మిషను కనపడింది. అంటే పొడుగు కర్ర పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసేది. ఇంటికి తెచ్చి ఎంత తిప్పినా లోపలి రెక్కలు తిరగలేదు. అప్పుడు మరలన్నీ విప్పింది. రెక్కకీ గోడకీ మధ్య ఏదో అడ్డం పడి ఉంది. పటకారుతో లాగి, కిరసనాయిలులో కడిగి, వెలుతురుకి పెట్టి చూసింది. ఏమిటనుకున్నావు బంగారూ? రవ్వల దుద్దు! వంకరపోయిన శీలతో సహా ఉంది. అది అడ్డం పడే మోటారు కాలిపోయింది.

నూకరత్నం చీర కొంగుకి ముడేసుకుని మొదట జిలానీ దగ్గరికి వెళ్ళింది. "ఆ నిలువు మిషను ఎవరింటిది?" అని అడిగింది.

"కొండ రోడ్డులో పచ్చగేటు మేడ లేదూ, హైమవతమ్మగారిది. అటక మీది సామానంతా దింపించేశారు" అన్నాడు.

ఆ తర్వాత పచ్చగేటు మేడకి వెళ్ళింది. హైమవతమ్మగారి జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. నూకరత్నం కొంగు ముడి విప్పి దుద్దు చేతిలో పెట్టగానే ఆవిడ ముఖం వెలిగింది.

"మా అమ్మది! ఎక్కడ దొరికింది?"

"మీ దుమ్ము మిషనులోనమ్మా. రెక్కల్లో ఇరుక్కుంది."

హైమవతమ్మగారి ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"ఎన్నో ఏళ్ళ కిందట మా ఇంట్లో పైడమ్మని ఒకామె పనిచేసేది" అంది. "దుద్దు కనపడకపోయేసరికి తనే తీసిందన్నాను. వీధి వీధంతా వింటుండగా దొంగా అని గేటు బయటికి పంపేశాను. ఆ మిషను అప్పుడే కొత్తగా కొన్నాం. పాడుచేస్తారని పనివాళ్ళని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. నేనే తోసేదాన్ని..."

తనన్న మాట తనకే వినపడి ఆగిపోయింది.

"పైడమ్మ భీమిలిలో కూతురింట్లో ఉందట. ఇది నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి. తననే ఉంచుకోమను. నా వల్ల కాదు" అంది.

నూకరత్నం దుద్దు తీసుకోలేదు. "ఆ మాటన్నది మీరమ్మా. నేను వెళ్ళి చెప్తే ఆవిడకేం చేరుతుంది?" అంది. అని ఇంటికి వచ్చేసింది. పెద్దావిడతో అలా మాట్లాడానే అని ఆ పూటంతా బాధపడుతూనే తీగ చుట్టింది.

మర్నాడు కొట్టు తీసేసరికి ముందర ఆటో ఉంది. అందులో హైమవతమ్మగారు. "ఒక్కదాన్నీ వెళ్ళలేను. తోడురా" అంది. నూకరత్నం మళ్ళీ కొట్టు మూసేసి ఆటో ఎక్కింది.

భీమిలిలో పైడమ్మ ఇంటి ముందు గోనెపట్టా మీద ఎండుచేపలు ఏరుతోంది. హైమవతమ్మగారిని చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు.

"పైడమ్మా, దుద్దు దొరికింది. నువ్వు తియ్యలేదు" అంది హైమవతమ్మగారు.

"నేను తియ్యలేదని నాకు తెలుసు కదమ్మా" అంది పైడమ్మ. "అది నాకు కొత్త కబురేం కాదు."

అప్పుడు హైమవతమ్మగారు దుద్దు తీసి, "ఇది నువ్వుంచుకో" అని చెయ్యి చాపింది. పైడమ్మ తన చేతులు చీరకి తుడుచుకుని వెనక్కి పెట్టేసుకుంది.

"నాకొద్దమ్మా. ఆ తర్వాత నన్నెవరూ పనిలో పెట్టుకోలేదు. ఊరే వదిలి వచ్చేశాం. ఇప్పటికీ పట్నం వస్తే ఆ వీధి తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్తాను. నన్ను ఏ వీధిలో అన్నారో, ఆ వీధిలోనే చెప్పండి."

హైమవతమ్మగారు దుద్దు కొంగుకి ముడేసుకుంది. ఆ తర్వాత "రా" అంది.

ముగ్గురూ ఆటోలో వెనక్కి వచ్చారు. ఆనాటి మనుషులు కొందరు లేరు, కొందరు ఇళ్ళు మారిపోయారు. అయినా పాలు పోసే ముసలమ్మ ఉంది, ఇస్త్రీ బండి ఆయన ఉన్నాడు, ఎదురింటివాళ్ళు ఉన్నారు. హైమవతమ్మగారు పచ్చగేటు ముందు నిలబడింది. మొదటిసారి గేటు వైపుకి తిరిగిపోయింది. రెండోసారి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. మూడోసారికి వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

"మా పైడమ్మ దొంగ కాదు! దుద్దు పారేసింది నేను. నింద వేసింది నేను. తప్పు నాది!"

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి నిలబడ్డాడు. పాల ముసలమ్మ వచ్చి పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆవేళ నేనూ నమ్మేశానే" అని కళ్ళు తుడుచుకుంది.

"లోపలికి వచ్చి కాస్త కాఫీ తాగు" అంది హైమవతమ్మగారు.

"ఇవాళ కాదమ్మా" అంది పైడమ్మ. ఆటో ఎక్కలేదు. పైట సర్దుకుంది. వీధి మధ్యనుంచి, తొందర లేకుండా, ఇటు గుమ్మాలూ అటు గుమ్మాలూ చూసుకుంటూ, ఆ చివరిదాకా నడిచి వెళ్ళి బస్సెక్కింది.

"క్షమించిందా అమ్మమ్మా?" అంటావా? నాకు తెలీదు నా తల్లీ. "ఇవాళ కాదు" అంది కదా. ఇంకో రోజు వచ్చిందేమో. హైమవతమ్మగారు మాత్రం రోజూ కాఫీ పెట్టే వేళకి గేటు తెరిచి ఉంచేదట.

కథేమో కంచికి కదిలింది,
కన్నేమో కునుకుకి ఒదిగింది.
గాలి తిరిగెళ్ళింది సంద్రానికి,
బంగారూ, మనమిక మంచానికి!