తిప్పేస్వామి దూరపు గురి

చెప్పండి, మనిషిని పందిగా మార్చాలంటే ఏం కావాలి? మంత్రమా? ముని శాపమా? తొందరపడి చేతులెత్తకండి. కథ అయ్యాక మళ్లీ అడుగుతాను, అప్పుడు చెబుదురు గాని.

రాయదుర్గం అవతల, కొండ కిందున్న ఒక ఊళ్లో తిప్పేస్వామి అనే వేటగాడు ఉండేవాడు. గురిలో అతన్ని మించినవాడు లేడు, గర్వంలోనూ లేడు. అతనికి లైసెన్సున్న పెద్ద రైఫిల్ ఉండేది. దాని మీద మూరెడు దుర్భిణి. పసిబిడ్డకు నీళ్లు పోసినంత శ్రద్ధగా దాన్ని తుడిచేవాడు. గాలి ఎటు వీస్తే గుండు ఎంత పక్కకు జరుగుతుందో, దూరం పెరిగేకొద్దీ ఎంత కిందికి దిగుతుందో టీ అంగడి దగ్గర కూర్చుని చెప్పేవాడు. వినేవాళ్ల టీ చల్లారిపోయేది గాని ఆ చెప్పడం ఆగేది కాదు. జంతువు దగ్గరికి నడిచిపోవడం గురి రానివాళ్ల పని అని చివర్లో ఒక మాట విసిరేవాడు.

ఆ ఏడు అడవిపందులు వేరుశనగ చేల మీద పడ్డాయి. తెల్లారి చూస్తే చేను చేనంతా దున్నినట్టు ఉండేది. సర్పంచి రుద్రమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, పందులను కాల్చడానికి అనుమతి తెచ్చింది. ఆ పని తిప్పేస్వామికి అప్పగించారు.

ఇలాంటి వేటకు ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ముందురోజు సాయంత్రం తలారి వీధి వీధీ తిరిగి తప్పెట కొట్టాలి. రేపు పొద్దున ఫలానా దిక్కు చేలల్లోకి ఎవరూ పోవద్దని చెప్పాలి. మర్నాడు వేటగాడు ఆ గట్ల మీద ఒక చుట్టు నడిచి, మనుషులెవరూ లేరని కళ్లారా చూసుకోవాలి. తుపాకీ పట్టడం ఆ తర్వాతే.

ఈ రెండూ తిప్పేస్వామికి నచ్చలేదు. తప్పెట మోతకు పందులు కొండెక్కిపోతాయన్నాడు. గట్ల మీద నడిస్తే మనిషి వాసన తగిలి ఇటు రానే రావన్నాడు. అసలు సంగతి వేరే. కొండ మీది నల్లబండ నుంచి సంజీవప్ప చేను దాకా అంతవరకు ఎవరూ గురి కొట్టలేదు. తాను కొడతానని టీ అంగడిలో అనేశాడు. ఆ మాట నిలబెట్టుకోవాలంటే పందులు బెదరకూడదు.

రుద్రమ్మ ఒప్పుకోలేదు.

"పందులకు చెప్పి పిలిచి కాలుస్తారా అక్కా?" అని నవ్వాడు తిప్పేస్వామి.

"పందులకు కాదు నాయనా, మనుషులకు చెప్పేది" అంది రుద్రమ్మ.

అతను సరేనని తలూపాడు. బయటికొచ్చి, ఈసారికి తప్పెట అక్కర్లేదని తలారితో చెప్పేశాడు. సర్పంచమ్మ చెప్పించిందనుకుని తలారి తప్పెటను మళ్లీ కొయ్యకు తగిలించాడు.

మర్నాడు తెలతెలవారుతుండగా తిప్పేస్వామి నల్లబండ మీద బోర్లా పడుకున్నాడు. వెంట అతని బామ్మర్ది వన్నూరప్ప, చేతిలో టీ ఫ్లాస్కు. కింద చేల మీద మంచు పలచగా పరుచుకుని ఉంది. సంజీవప్ప ముందురోజే పంట పీకించాడు. మన్నులో మిగిలిన కాయల వాసనకు పందులు తప్పకుండా వస్తాయని తిప్పేస్వామి ఎదురుచూస్తున్నాడు.

కాసేపటికి నల్లటి మూపు ఒకటి కదిలింది. వంగి మన్ను పెళ్లగిస్తోంది. రెండడుగులు జరుగుతోంది, మళ్లీ పెళ్లగిస్తోంది.

"ఒంటిపంది" అన్నాడు తిప్పేస్వామి సంతోషంగా.

వన్నూరప్ప కళ్లు చికిలించాడు. "నాకెందుకో అనుమానంగా ఉంది బావా. దిగిపోయి చూసొద్దాం."

"నువ్వు దిగేలోపల అది కర్ణాటకలో ఉంటుంది. నోరు మూసుకుని టీ పొయ్యి."

తిప్పేస్వామి దూరం లెక్కగట్టాడు. గాలి లెక్కగట్టాడు. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఒక గాలి విసురు లేచింది. లెక్కలన్నీ వచ్చిన ఆ మనిషి లెక్కలో ఆ గాలి లేదు.

దుర్భిణిలో మన్ను చిమ్మింది. పంది లేచింది.

రెండు కాళ్ల మీద లేచింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది. రెండో చెయ్యి కొండ వైపు చాచి, నోరంతా తెరిచి తిట్టడం మొదలుపెట్టింది. అంత దూరానికి ఒక్క మాటా వినపడలేదు. కప్పుకున్న నల్ల గొంగడి జారి, నెరిసిన తల బయటపడింది. ఆమె హులిగమ్మ. అమ్మ జ్వరంతో మంచాన పడి ఉన్నప్పుడు చంటిబిడ్డగా ఉన్న తిప్పేస్వామిని తన పాలిచ్చి పెంచిన ముసలమ్మ.

పంట పీకిన చేలో మిగిలిన కాయలు ఏరుకున్నవాళ్లవే. పేద ఆడవాళ్లు తెల్లవారకముందే గొంగళ్లు కప్పుకుని పరిగె ఏరడానికి వెళ్లడం ఆ ఊళ్లో పుట్టినవాడెవడికి తెలియదు? తిప్పేస్వామికీ తెలుసు. బండెక్కేసరికి మరిచిపోయాడు.

తుపాకీ వన్నూరప్ప చేతిలో పడేసి కొండ దిగి పరుగెత్తాడు. దారిలో రెండుసార్లు పడి లేచాడు. ఎంత దూరమైనా నాకొక లెక్కా అనేవాడికి ఆ దూరం తరగలేదు. చేరేసరికి హులిగమ్మ తిట్లన్నీ అయిపోయి, తన కాయల గంప వైపు చూస్తూ నిలబడి ఉంది. గుండు ఆమె పక్కనున్న గంపను చీల్చుకుని మన్నులో దిగింది. కాయలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆమె ఒంటి మీద గీత కూడా పడలేదు.

తిప్పేస్వామి ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు.

"నీకు పంది మాదిరి కనపడితినా నాయనా?" అని అడిగింది హులిగమ్మ.

"అంత దూరం నుంచి తెలీలేదవ్వా."

"తెలీనప్పుడు దగ్గరికి రావల్ల. నీ కాళ్లకేమైంది, బాగనే ఉండాయి కదా?" ఆమె గొంగడి దులిపి అతని భుజాల మీద వేసింది. బండ మీద మంచుకు చొక్కా తడిసి అతను చలికి వణుకుతున్నాడు. "ఏడ్చేది ఇంటికి పోయినాక ఏడుద్దువు. ముందు కాయలేరు."

అతను పక్కనే వంగి ఏరసాగాడు. చెరువులా పేరుకున్న భయం మెల్లగా దిగిపోతుంటే, మన్నులో దొరికిన ఒక్కో కాయనూ బంగారంలా ఆమె కొంగులో వేశాడు. కొండ మీంచి వన్నూరప్ప చూశాడు. మంచులో వంగిన రెండు మసక మూపులు. అందులో తన బావది ఏదో అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం రుద్రమ్మ అందరి ముందూ తిప్పేస్వామిని కడిగిపారేసింది. అతను తప్పు ఒప్పుకున్నాడు. తలారి దగ్గర తప్పెట అడిగి తీసుకుని, వీధి వీధీ తిరిగి తానే కొట్టాడు. ఆ తర్వాత గట్లన్నీ నడిచి చూడకుండా తుపాకీ ముట్టలేదు. పందులు తక్కువే పడ్డాయి. ఊరు మాత్రం నిశ్చింతగా నిద్రపోయింది.

ఇప్పుడు చెప్పండి, మనిషిని పందిగా మార్చాలంటే ఏం కావాలి? దూరం చాలు. ఎంత గొప్ప గురికాడైనా, దగ్గరికి వెళ్లి చూడకుండా పెట్టిన గురి తప్పే: ఇదే ఈ కథలో నీతి. మీరూ దూరం నుంచే చూసి ఎవరి మీదో ఒక ముద్ర వేసి ఉంటారు. రేపు పొద్దున్నే లేచి వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లండి, పక్కన కూర్చుని మాట్లాడండి.