సున్నా దగ్గర నిలిచిన సూది

శరభయ్య మాస్టారిని ఏ ప్రశ్న అడిగినా మొదట వచ్చే జవాబు ఒకటే: “బండి రానీ.” వానలెందుకు పడటం లేదని అడిగినా అంతే, మనుషులెందుకు అబద్ధాలాడతారని అడిగినా అంతే. అడిగినవాళ్ళు అడిగిన సంగతి మరిచిపోయాక, రెండు రోజులకో రెండు నెలలకో ఏదో ఒక పాతకారు వచ్చి ఆయన షెడ్డు ముందు ఆగేది. దాని బానెట్ ఎత్తి, “నువ్వేదో అడిగావు కదూ, ఇలా రా,” అనేవారు. కాకినాడ జగన్నాథపురంలో వంతెన దిగగానే ఎడంచేతి వైపు ఉన్న రేకుల షెడ్డు ఆయనది. ముప్ఫై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో వైరింగు నేర్పి, రిటైరయ్యాక పాతకార్లలో కరెంటు పుట్టించే డైనమోలు బాగుచేస్తూ కూర్చున్నారు. కొత్తబండ్లు ముట్టుకునేవారు కారు. “వాటి నిండా సీలు వేసిన డబ్బాలే. లోపల ఏం జరుగుతోందో మనకి చెప్పవు. చెప్పనివాళ్ళతో నాకేం పని?” అనేవారు.

ఆయన దగ్గర చివరగా పని నేర్చుకున్న శిష్యురాలు మట్టపర్తి ప్రసూన. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. చదువుకునే రోజుల్లో చుట్టుపక్కల ఏ కాలేజీలో వాదప్రతివాద పోటీ పెట్టినా కప్పు ఆమెదే. ఆ కప్పుల్లో ఒకదాంట్లో వాళ్ళమ్మ ఆవాలు పోసుకుంది, ఇంకోదాంట్లో చింతపండు పెట్టుకుంది, మిగిలినవి అటక మీదికి చేరాయి. ప్రసూనకి చేతిపని వచ్చేసింది. ఇక సొంత కొట్టు పెట్టాలి. ఆ ఊళ్ళో బండ్ల కరెంటు పనివాళ్ళ కొట్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. ఆ వీధిలో గది దొరకాలంటే ఆటో ఎలక్ట్రీషియన్ల సంఘం కార్డు ఉండాలి. సంఘం పుట్టి నలభై ఏళ్ళయినా ఒక్క ఆడమనిషికీ ఆ కార్డు ఇవ్వలేదు. ఇవ్వకూడదని రూలేమీ లేదు. ఎవరూ అడగలేదు, అంతే.

ప్రసూన అడిగింది. జూలై సమావేశంలో గంటన్నర సేపు అడిగింది. మొదటి పది నిమిషాలకే ముందు వరసలో నాలుగు తలలు ఊగాయి. సంఘం అధ్యక్షుడు లోవరాజు దరఖాస్తు దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశాడు కూడా. ప్రసూన అప్పుడే వేడెక్కుతోంది. సంఘం నియమావళి తెరిచి ఏడో పేజీకి పదకొండో పేజీకి పొంతన లేదని నిరూపించింది. కిందటేడు తీర్మానంలో ఉన్న తెలివితక్కువతనాన్ని ఉతికి ఆరేసింది. ఆ తీర్మానం రాసింది లోవరాజే. గంటన్నర అయ్యేసరికి ఆమెకి ఎదురుచెప్పగలిగినవాడు ఆ హాల్లో ఒక్కడూ మిగల్లేదు. లోవరాజు పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకుని, “వచ్చే నెల చూద్దామమ్మా,” అన్నాడు. వెనక బెంచీ మీద కూర్చున్న శరభయ్య మాస్టారు పెన్ను మూత తియ్యడమూ చూశారు, పెట్టడమూ చూశారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వచ్చి ప్రసూన సంచీ బల్లమీద పడేసింది. “నేను చెప్పిందాంట్లో ఒక్క తప్పు చూపించండి మాస్టారూ. ఒక్కటి చాలు. ఓడిపోయాక కూడా ఒప్పుకోరే! నిజాన్ని ఎంత గట్టిగా చెబితే మనుషుల తలకెక్కుతుంది?”

“బండి రానీ,” అన్నారు మాస్టారు.

మూడో రోజునే వచ్చింది. కలిదిండి సోమరాజుగారి నల్లకారు. వాళ్ళ నాన్నగారి హయాంలో కొన్నది, ఇప్పుడు డెబ్బై దాటిన బండి. సోమరాజుగారు దాన్ని కారు అనరు, “మా మహాతల్లి” అంటారు. అలాంటి బండ్లలో డ్రైవరు ఎదురుగా అమ్మీటరు అని చిన్న గడియారంలాంటిది ఉంటుంది. దాని సూది కుడికి వాలితే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతోందనీ, ఎడమకి వాలితే బ్యాటరీ నుంచి దిగిపోతోందనీ లెక్క. నడుమ సున్నా. బానెట్ కింద, డైనమోకీ బ్యాటరీకీ మధ్య అరచేతంత నల్లడబ్బా ఒకటి బిగించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కటౌట్ అంటారు. ఇంజను ఎంత పరుగెత్తినా బ్యాటరీకి ఎంత పోనివ్వాలో చూసుకునేది అదే.

“డైనమో చచ్చిపోయిందండీ బాబూ,” అన్నారు సోమరాజుగారు కారు దిగుతూనే. “స్టార్టు చేసినప్పుడు సూది కుడికి లేస్తుంది, ఆయ్. పావుగంటకల్లా నీరసపడిపోయి సున్నా దగ్గర కూలబడుతుంది. మా నాన్నగారి రోజుల్నించీ ఇదే జబ్బు. చూసినప్పుడల్లా గుండె జారిపోతుందండి.”

మాస్టారు పీట మీద కూర్చుని ఒక డైనమో చుట్టకి వార్నిష్ పూసుకుంటున్నారు. ప్రసూన ఆయన వైపు చూసింది. “నీ బండి,” అన్నారు ఆయన, తలెత్తకుండానే.

ప్రసూన కటౌట్ మూత విప్పింది. లోపల కరెంటుని కలిపీ విడదీసే పాయింట్లు శుభ్రంగానే ఉన్నాయి. స్ప్రింగు కాస్త వదులుగా ఉందనిపించింది. సన్నమూతి పటకారుతో పట్టుకుని దాని కొక్కేన్ని వెనక్కి వంచి బిగించింది. ఇంజను గట్టిగా లేపింది. సూది లేచి కుడివైపు పదిహేను మీదికి వెళ్ళి, అక్కడే నిలబడింది. సోమరాజుగారి ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది. “చూశారా, చెయ్యంటే అదండీ! మాస్టారూ, మీరింక విశ్రాంతి తీసుకోవచ్చు.”

“తీసుకుంటాను. ముందు ఉప్పాడ దాకా వెళ్ళొద్దాం పదండి. సముద్రం చూసి చాన్నాళ్ళయింది,” అని మాస్టారు లేచారు. లేచి, సంచీలో పొడవాటి స్క్రూడ్రైవరొకటి, డిస్టిల్డ్ వాటరు సీసాలు రెండు పెట్టుకున్నారు. సీసాలెందుకో ప్రసూనకి అప్పుడు తోచలేదు.

బీచి రోడ్డులో అరగంట హాయిగానే సాగింది. సోమరాజుగారు రోడ్డుకన్నా సూదినే ఎక్కువగా చూసుకుంటున్నారు. ఆ తర్వాత కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదలైంది. “ఎండుచేపలండీ, ఈ రోడ్డంతా ఇంతే,” అన్నారాయన. ఎండుచేపలు వెనకబడ్డాయి గాని వాసన వెనకబడలేదు. గేదెలు అడ్డొస్తే హారను కొట్టారు. ఎప్పుడూ బొంగురుగా మోగే హారను ఈసారి కీచుమంది. ఎదురుగా లారీ వస్తే లైట్లు వేశారు. టప్‌మని ఒక బల్బు పోయింది. మహాతల్లి ఒంటికంటిది అయిపోయింది. సముద్రం కోతకి అడ్డంగా పోసిన బండరాళ్ళ దగ్గర కారు ఆపి బానెట్ ఎత్తేసరికి, బ్యాటరీ పొయ్యిమీది ఇడ్లీపాత్రలా బుసలు కొడుతోంది. మూతల అంచుల్లోంచి నురగ కారుతోంది.

“అయ్యయ్యో! ఏం చేశావమ్మాయ్ నా బండిని?”

“సూది కుడికి రావాలన్నది మీరే కదండీ!”

“నేనడిగితే మాత్రం చేసేస్తావా?”

“చేశాక మీరు సంతోషపడలేదా?”

“నా సంతోషం సంగతి కాదమ్మా తల్లీ, నా బ్యాటరీ సంగతి చెప్పు!”

ప్రసూన చెప్పింది. పాయింట్ల గురించి, స్ప్రింగు గురించి, ఆనాటి తయారీ పద్ధతుల్లో ఉన్న లోపాల గురించి, డెబ్బై ఏళ్ళ బండిని అరగంట ఏకబిగిన తోలినవాళ్ళ బాధ్యత గురించి ఐదు నిమిషాలు చెప్పింది. సోమరాజుగారు రెండు చేతులూ ఎత్తి సముద్రానికి దణ్ణం పెట్టారు. ఒప్పుకున్నట్టు కాదది.

మాస్టారు ఇదేమీ విననట్టు ఇంజను ఆపించి, బ్యాటరీ చల్లారేదాకా రాతి మీద కూర్చుని అలలు చూశారు. తర్వాత సంచీలోంచి సీసాలు తీసి, ఆరు గదుల్లోనూ నీళ్ళు నింపారు. “ఏమీ కాలేదు లెండి రాజుగారూ. దాహమేసింది, అంతే.” ప్రసూన ఆ సీసాల వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది.

“అయితే మీకు ముందే తెలుసు.”

“నాకు తెలియడం దేనికిలే. నువ్వు సూదిని అడిగావు. రాజుగారిని అడిగావు. బ్యాటరీని అడిగావా?”

ప్రసూనకి జవాబు ఉంది. ఆమెకి జవాబు లేకపోవడమనేది ఎప్పుడూ ఉండదు. కాని చెప్పబోతూ బ్యాటరీ మూతల వైపు చూసింది. పొద్దున్న బ్యాటరీ మూత ఒక్కటీ విప్పి చూడలేదన్నది ఆమెకి గుర్తొచ్చింది. నిండుకుండలోకి పోసింది తను.

మాస్టారు కొక్కేన్ని మునుపున్న చోటికి వంచి, కటౌట్‌కి మూత బిగించి, ఇంజను లేపమన్నారు. సూది కుడికి లేచింది. ఇంజను మోగుతూనే ఉంది. సూది మెల్లమెల్లగా దిగి, పావుగంటకి సున్నా దగ్గర కూర్చుంది. “ఇదిగో, మళ్ళీ చచ్చింది!” అన్నారు సోమరాజుగారు ఏడుపు గొంతుతో.

“ఉన్న కన్నయినా తెరవండి,” అన్నారు మాస్టారు.

సోమరాజుగారు లైటు వేశారు. మాస్టారు తన తువ్వాలు దీపానికి ఎదురుగా పట్టారు. పగటి ఎండలో కూడా దానిమీద పచ్చటి గుండ్రం పడింది. “సూది ఎడమకి పడిందా?” పడలేదు. ఒక్కసారి అదిరి, మళ్ళీ సున్నాకే వచ్చింది. “మరి ఈ వెలుగు బ్యాటరీది కాదుగా. ఎవరిస్తున్నట్టు?” “డైనమోయే!” అన్నారు సోమరాజుగారు. మాస్టారు స్క్రూడ్రైవరు కొసని కటౌట్ మూత మీద ఆనించి, కర్రపిడి ప్రసూన చెవికి అందించారు. ఇంజను చప్పుడు వెనక్కి తప్పుకుంది. లోపల తేనెపట్టులా సన్నటి ఝుంకారం. పాయింట్లు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కన్ను పట్టుకోలేనంత వేగంగా, ఎడతెగకుండా కలుస్తూనే ఉన్నాయి, విడిపోతూనే ఉన్నాయి.

“అయితే మా నాన్నగారు నలభై ఏళ్ళు ఊరికే బెంగపడ్డారంటారు!” అన్నారు సోమరాజుగారు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. “నేనింకో ముప్ఫై ఏళ్ళు కలిపాను!”

తిరుగుదారిలో వెనకసీట్లోంచి ప్రసూన గొంతు వినిపించింది. “అర్థమైంది మాస్టారూ. నన్ను నోరు మూసుకోమంటున్నారు. అందరూ ఆడవాళ్ళకి చెప్పేదే మీరు కారెక్కించి చెప్పారు.”

మాస్టారు వెనక్కి తిరిగారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. “సూది సున్నాకొచ్చాక డైనమో ఆగిందా అమ్మాయ్?”

“లేదు.”

“ఆగి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా?”

వారంలోనే బల్బు మార్చి సోమరాజుగారి బండికి రెండో కన్ను పెట్టింది ప్రసూనే.

ఆగస్టు సమావేశానికి ఆమె పదకొండు పేజీలు రాసుకుని వెళ్ళింది. హాలు నిండుగా ఉంది. పోయినసారి రానివాళ్ళు కూడా తమాషా చూద్దామని వచ్చారు. ప్రసూన మొదటి పేజీ చదివింది. ఎన్నేళ్ళు పని నేర్చుకుందో, ఎన్ని డైనమోలు కట్టిందో, ఆ వీధిలో గది ఎందుకు కావాలో చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. కూర్చుంది.

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. లోవరాజు పైకప్పు చూస్తున్నాడు. ముందు వరసలో ఒకాయన గోళ్ళు చూసుకుంటున్నాడు. ఈ నెల కూడా పోతే ఆ వీధిలో ఖాళీగా ఉన్న ఒక్క గదీ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. రెండో పేజీ వేళ్ళ మధ్యకి వచ్చింది. కుర్చీలోంచి సగం లేచింది కూడా. పక్కనుంచి ఆమె అరచేతిలోకి చల్లగా ఏదో వచ్చి చేరింది. కర్రపిడి స్క్రూడ్రైవరు. పక్కన కూర్చున్న మాస్టారు మాత్రం నల్లబల్ల మీద కిందటేడు రాసిన అక్షరాలు శ్రద్ధగా చదువుకుంటున్నారు.

ప్రసూన కూర్చుంది. అప్పుడు వినిపించింది. వెనక వరసల్లో సన్నటి గుసగుస. “ఆ అమ్మాయి కట్టిన డైనమో రెండేళ్ళనించి తిరుగుతోందండి మా దగ్గర.” “మా రెండో అమ్మాయికీ ఈ పనిమీదే చూపు. నేనే తిడుతుంటాను.” “తిట్టడమెందుకురా, నీ కొడుక్కి వచ్చిందేమిటి ఈ పని?” ఎవరో నవ్వారు. గుసగుస ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది.

లోవరాజు గొంతు సవరించుకున్నాడు. “అంతా బాగానే ఉందమ్మా. గాని, అర్ధరాత్రి ఎక్కడో రోడ్డు మీద లారీ ఆగిపోయిందని ఫోనొస్తే, ఆడపిల్లవి, వెళ్ళగలవా?”

ప్రసూన లేచింది. “పోయిన శుక్రవారం పిఠాపురం అవతల ఆగిన లారీకి వెళ్ళొచ్చానండి. ముందు మీకే చేశారంట. మీరు ఫోనెత్తలేదంట.” అని కూర్చుంది.

హాలంతా గొల్లుమంది. లోవరాజు కూడా నవ్వాడు. నవ్వు ఆగక ముందే జేబులోంచి పెన్ను తీశాడు. ఈసారి మూత మళ్ళీ పెట్టింది సంతకం అయ్యాకే.

బయటికి వచ్చాక ప్రసూన అక్కడికక్కడే ఇచ్చిన కార్డుని ముందు వెనకా తిప్పి చూసుకుంది. మెట్ల దగ్గర ఆగి, సంచీలోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. “పది పేజీలు మిగిలిపోయాయి మాస్టారూ. నియమావళిలో తప్పులన్నీ ఇందులోనే ఉన్నాయి. చింపేయనా?”

మాస్టారు స్క్రూడ్రైవరు తిరిగి తీసుకుని చొక్కా జేబుకి తగిలించుకున్నారు. వంతెన మీద ఎండ ఇంకా వాలలేదు.

“దాచుకో అమ్మా. లైట్లు వెయ్యాల్సిన రాత్రి వస్తే కావాలి. మనం ఇంకా పగలే తిరుగుతున్నాం.”