పట్టానో లేదో

అవధాని మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కారు. ముందు గ్లవుజులు తీయమనేవారు, కూర్చోమనేవారు, ఆ తర్వాత ఎవరి గురించో మొదలుపెట్టేవారు. కాకినాడలో ఆయన దగ్గర వికెట్ కీపింగ్ నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అలవాటే.

ఒక సాయంత్రం ఇమ్మానుయేలు వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. రాష్ట్ర జట్టును ఎంపిక చేయడానికి పెట్టిన మ్యాచ్‌లో ముందురోజు అతనొక క్యాచ్ అందుకున్నాడు. బంతి నేలకు బెత్తెడు ఎత్తున వచ్చింది. అంపైరు అనుమానపడి అడిగితే "పట్టానండీ" అన్నాడు. బ్యాట్స్‌మన్ మారుమాట లేకుండా వెళ్లిపోయాడు. జట్టులో ఇమ్మానుయేలు పేరు వచ్చింది. ఆ బ్యాట్స్‌మన్ పేరు రాలేదు.

"పట్టానో, నేల తాకాక తీశానో నాకే తెలీదు మాస్టారూ. అబద్ధం చెప్పాననీ అనలేను. తెలియనప్పుడు ఏం చెప్పాలి?" అని అడిగాడు.

మాస్టారు వల్లభరావు సంగతి ఎత్తుకున్నారు.

వల్లభరావు ఆయన ఈడువాడే. మొదట ఉత్త బ్యాట్స్‌మన్. జట్టు కీపరుకు జ్వరం వచ్చిన రోజున గ్లవుజులు తొడిగితే ఇక ఎవరూ విప్పనివ్వలేదు. వికెట్ల వెనక నెమ్మది, బ్యాటు పడితే దూకుడు. దేశం తరఫున కొన్ని టెస్టులు ఆడాడు. వేలు విరిగి కొన్నాళ్లు ఇంట్లో కూర్చునేసరికి ఆ చోట మరొకడు కుదురుకున్నాడు. చాలాకాలానికి మళ్లీ అవకాశం వచ్చింది. సెలెక్టర్లు అతన్ని చూడ్డానికే వచ్చిన మ్యాచ్ అది. అవతలి జట్టులో దేశికన్ అనే గట్టి బ్యాట్స్‌మన్ అప్పుడే ఆటకు దిగాడు. బంతి అతని బ్యాటు అంచును తాకి కిందికి వచ్చింది. వల్లభరావు ముందుకు పడి అందుకున్నాడు. జట్టంతా చేతులెత్తింది. అంపైరు వల్లభరావు వైపు చూశాడు.

"తెలీదండీ," అన్నాడు వల్లభరావు.

దేశికన్ సెంచరీ కొట్టాడు. మ్యాచ్ పోయింది. తన చేతిలోకి బంతి ఎలా వచ్చిందో తెలియని కీపరు మనకెందుకన్నాడట ఒక సెలెక్టరు. వల్లభరావును మళ్లీ పిలవలేదు.

ఏళ్లు గడిచాక ఒక పెళ్లిలో దేశికన్ కనిపించి అతని చెయ్యి పట్టుకున్నాడు. "అది క్యాచే. కళ్లారా చూశాను. నేనే వెళ్లిపోవాల్సింది," అన్నాడు. ఆ రోజు స్లిప్‌లో, వల్లభరావు పక్కనే నిలబడిన జోగారావు కూడా అదే పందిట్లో ఉన్నాడు. "కాదు, నేల తాకింది. నేనూ చూశాను," అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. వల్లభరావు విస్తరి ముందు కూర్చుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఒకరి మాట నిజమైతే తన ఆటంతా ఊరకే పోగొట్టుకున్నాడు. రెండోవాడి మాట నిజమైతే తనకు తెలియకుండానే ఒక అన్యాయం తప్పించాడు. ఏది నిజం కావాలని కోరుకోవాలో అతనికి తోచలేదు. అన్నం కలపడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు.

"ఇంతకీ పట్టాడా, లేదా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"నేనూ అడిగాను. తెలీదన్నాడు."

"ఆయన చేసింది మాత్రం సరైన పనేగా?"

"అదీ అడిగాను. ఒక్కోరోజు సరే అనిపిస్తుందన్నాడు. ఒక్కోరోజు, ఆ ఒక్క మాటా మింగేసుంటే ఏం పోయేది అనిపిస్తుందన్నాడు."

ఇమ్మానుయేలుకు వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంగా ఉంది. "మరి నన్నేం చెయ్యమంటారు? ఇప్పుడు చెప్పినా మ్యాచ్ మారదు. నా చోటు పోవచ్చు. పైగా, నిజంగా పట్టానేమో కూడా."

మాస్టారు స్టంపులు ఏరి సంచిలో పెట్టుకున్నారు.

"నన్నడిగావు. నేనక్కడ లేను," అన్నారు. "నీ మాట మీద వెళ్లిపోయిన ఆ అబ్బాయి ఉన్నాడు."