చాకుకు కుట్టిన చొక్కా

పూర్వం ఒక సంతకు వల్లభరాయుడు ఠాణేదారు. పంట్లాం జేబులో మడత చాకు లేనిదే గడప దాటేవాడు కాదు. జనం పుచ్చిన పండ్లు తిని ఏమైపోతారోనని ఆయనకు మహా దిగులు. అందుకని ప్రతి గంపలోంచీ మంచి పండే ఏరి, చాకుతో కోసి, రుచి చూసి పెట్టేవాడు. డబ్బు మాట ఎత్తేవాడు కాదు. పండు కొరికి తినడం మాత్రం ఆయన హోదాకు తక్కువ.

ఇంత ప్రజాసేవకు జేబు తట్టుకోలేక చిల్లు పడేది. తిట్లేమో దర్జీ బుడేసాబు తినేవాడు.

"మళ్లీ చిల్లు పడిందంటే నీ అంగడి పీకించేస్తా," అన్నాడు రాయుడు ఒకరోజు.

"చాకు ఒరుసుకుని జేబు చిరుగుతోంది దొరా. ఆ చాకుకే ఓ చొక్కా కుడతాను," అన్నాడు బుడేసాబు. దళసరి తోలుతో చిన్న సంచి కుట్టి, చాకు అందులో పెట్టి, మూతికి ముడి మీద ముడి బిగించి ఇచ్చాడు.

సంతరోజు రాయుడు జామపళ్ల గంప ముందు నిలబడి ముడులు విప్పడం మొదలెట్టాడు. అవి ఊడేలోగా ఆ వరుసలో పండ్లమ్మేవాళ్లంతా గంపలెత్తుకుని, వంగి దణ్ణం పెట్టి మరీ వెళ్లిపోయారు.

రాయుడు మండిపడుతూ దర్జీ దగ్గరికొచ్చాడు. "ఇదేం సంచిరా? చాకు బయటికొచ్చేలోగా పండ్లు వెళ్లిపోతున్నాయి."

బుడేసాబు ముందుగా రాయుడి జేబు తడిమి చూశాడు.

"జేబు నిక్షేపంగా ఉంది దొరా. ఇక పండంటారా, కొని ఇంటికి పట్టుకెళ్లండి. ముడులు తీరిగ్గా విప్పుకోవచ్చు. కొన్న పండు ఎక్కడికీ పోదు."